పాపం దొరకని జనరల్ గారు

నేస్
ఏప్రిల్ 14, 2020

ప్రభువునందు నాకు అక్కవూ, చిన్నప్పుడు నన్ను గరిటెతో కొట్టిన ఏకైక మనిషివీ అయిన పుష్పవతికి, తమ్ముడు ఆమోసు వందనాలు.

నేను ఫోను ఎత్తడం లేదని నువ్వు మండిపడుతూ ఉంటావు. ఎత్తడానికి ఫోను లేదు. నేను పనిచేసే ఈ వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో కరోనా వచ్చాక కొత్త రూలు పెట్టారు. బయటినుంచి వచ్చే ప్రతి వస్తువునూ మందునీళ్ళతో తుడవాలి. తుడవడం అల్పవిశ్వాసుల పని అనిపించింది నాకు. సిరియా సైన్యాధిపతి నయమాను యొర్దానులో ఏడుసార్లు మునిగాడు కదా అని, నా ఫోనును ఆ బకెట్లో ఏడుసార్లు ముంచాను. నయమానుకు కుష్ఠు పోయింది. నా ఫోనుకు ప్రాణమే పోయింది. కొట్లన్నీ మూసి ఉన్నాయి. స్టాఫ్‌ను బయటికి పోనివ్వకుండా వెనకవైపు గదుల్లోనే ఉంచారు.

అయినా బాధలేదు. పౌలు గారికి రోమాలో ఏ ఫోనుంది? చెరలో కూర్చుని సంఘాలన్నిటికీ ఉత్తరాలు రాశాడు. ఆయనకు సంకెళ్ళు, నాకు మాస్కు. అంతే తేడా.

ఇప్పుడు అసలు సంగతి. పదకొండో గదిలో మేజర్ జనరల్ హోరేస్ బ్లెన్నర్‌వుడ్ గారని ఒక పెద్దాయన ఉన్నారు. బ్రిటిష్ సైన్యంలో పెద్ద అధికారిగా చేసి రిటైరయ్యారు. ఎనభై తొమ్మిదేళ్ళు. పుట్టింది ఐర్లండ్‌లో మన ఈ కిల్డేర్ జిల్లాలోనే. ఇరవయ్యో ఏట కొరియా యుద్ధం, అక్కడ ఒక పతకం. తరవాత మలయా, సైప్రస్, జర్మనీ, చివరికి లండన్‌లో గుమ్మానికి ఇద్దరు బంట్రోతులున్న ఆఫీసు. ఆయన పాత దళంవాళ్ళు తమ పెద్ద అధికారుల జీవితాలూ ఉద్యోగాలూ కలిపి ఒక చిన్న పుస్తకం వేస్తున్నారట. ఈయనకు చెయ్యి వణుకు. లండన్‌లో ఉన్న మేనకోడలు రావడానికి లేదు. "ఏమస్, నువ్వు రాసిపెడతావా?" అని అడిగారు. నా పేరు ఆయన నోట్లో అలా తిరుగుతుంది.

నేను రాతపుస్తకం తెచ్చుకుని కూర్చున్నాను. తెలుగులో అయితే నా చెయ్యి పరుగెత్తుతుంది కాబట్టి ముందు తెలుగులో రాసి తరవాత ఇంగ్లీషు చేద్దామనుకున్నాను. "సార్, ముందు పాపాలు చెప్పండి" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు.

నువ్వే చెప్పు అక్కా. మన సంఘ సహవాసంలో ఒకడు లేచి, ఫలానా ఏడు పుట్టాను, ఫలానా బడిలో చదివాను, ప్రమోషన్ వచ్చింది అంటే అది సాక్ష్యమా, రేషన్ కార్డా? ముందు మనిషి గోతిలో పడాలి. తరవాతే ప్రభువు పైకి లాగాలి. నేను రేపల్లె బస్టాండులో తాగి పడిపోయిన కాడినుంచి మొదలు పెడతాను కాబట్టే గదా, ఇరవై రెండేళ్ళుగా జనం ముక్కు చీదుకుంటూ వింటున్నారు.

ఈయన ఎంత అడిగినా గోతిలో పడడు. మూడు రోజులు అడిగాను. నాలుగో రోజు బాగా ఆలోచించి, "సైప్రస్‌లో ఒకసారి విందుకు ఐదు నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాను" అన్నారు. దీంతో నేనేం చెయ్యను?

ప్రార్థించు.

సువార్త కాడి మోయుచున్న నీ తమ్ముడు,
ఆమోసు

తా.క. ఫోనును బియ్యం డబ్బాలో పెడితే బతుకుతుందని వంటావిడ చెప్పింది. మూడు రోజులు పెట్టాను. చచ్చిన లాజరు నాలుగో రోజున లేచాడు గదా అని ఇంకో రోజు ఉంచాను. నిన్న ఆ బియ్యం మాకే వండింది.


ఎన్నిస్
ఏప్రిల్ 19, 2020

ఒరేయ్ ఆమోసూ, ప్రభువు నిన్ను కాపాడునుగాక, నీ బుర్రను కూడా.

నీ ఉత్తరం అందింది. ఫోను పోవడం ఒకందుకు మేలే. ఫోనైతే నువ్వు ప్రసంగం ఎత్తుకున్నాక ఆపడానికి లేదు. ఉత్తరమైతే సగం చదివి పక్కన పెట్టొచ్చు. అలాగే చేశాను.

సగంలోనే నాకు ఏడుపొచ్చింది. ఆ పెద్దాయన జీవిత చరిత్ర రాస్తున్నానని రాశావు. అయ్యో నాయనా. మన ఇళ్ళల్లో మనిషి జీవిత చరిత్ర రాసేది ఒక్కసారే గదా, సమాధి దగ్గర పెట్టె దించేముందు చదవడానికి. మన నాన్నకి రాసింది నేనే, ఒకటిన్నర పేజీ. ఈ ఉత్తరం నాకు చేరడానికి నాలుగు రోజులు పట్టింది. ఈలోపు ఆయన మహిమలోకి వెళ్ళిపోయే ఉంటారని నేనూ మీ బావా లెక్కవేశాం.

పరాయి దేశంలో, ఈ మాయదారి రోగం రోజుల్లో, అయినవాళ్ళు కూడా రాలేని మనిషి. మనం కాకపోతే ఎవరున్నారు? మీ బావ రత్నకుమార్ వెంటనే అందరికీ కబురు పెట్టాడు. నిన్న సాయంత్రం జూమ్‌లో, పోయినవాళ్ళకు చేసినట్టే, ఆయన పేరున ఆదరణ కూడిక జరిపించాం. ముప్పై ఎనిమిది కుటుంబాలు చేరాయి. బ్లాంచర్డ్స్‌టౌన్ నుంచి సరోజమ్మ గారు రెండు పాటలు పాడి, రెండో పాటలో ఏడ్చేసి, మైకు ఆపడం మర్చిపోయి వాళ్ళాయన్ని టీ పెట్టమంది. అయినా చాలా ఆదరణగా జరిగింది.

నేను కూడా నాలుగు మాటలు చెప్పాను. ఆయన పేరు పలకడం రాక "మన జనరల్ గారు" అన్నాను. ఎంతటి సైన్యాధిపతి అయినా చివరికి ఒక రేపల్లె కుర్రవాడి చేతిలో గంజి తాగి పోయాడని చెప్తే అందరికీ కన్నీళ్ళు ఆగలేదు.

పోయింది ఏ వారమో, ఎన్నింటికో రాయి. మా రాతపుస్తకంలో ఎక్కించుకోవాలి.

నీ అక్క,
పుష్పవతి

తా.క. ఆదరణ కూడిక తరవాత భోజనాలెలా అని పెద్ద గొడవొచ్చింది. ఎవరింట్లో వాళ్ళు వండుకుని జనరల్ గారి పేరున తినాలని తీర్మానించాం. మీ బావ ఆ గౌరవం రెండుసార్లు చూపించాడు.


నేస్
ఏప్రిల్ 24, 2020

ఉత్తరాలు సగమే చదివే అక్కకు, నిండు హృదయంతో ఆమోసు వందనాలు.

ఆయన చావలేదు. ఈ పొద్దున రెండు కోడిగుడ్లూ మూడు టోస్టులూ తిని, మార్మలేడ్ తక్కువైందని నన్ను తిట్టారు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దాచడం అబద్ధంతో సమానమని, టిఫిను అయ్యాక ఆయనకే చెప్పేశాను. "సార్, మా వాళ్ళు పొరపాటున మీకు ఆదరణ కూడిక చేశారు" అన్నాను. ఆయన చెంచా కింద పెట్టి, "ఎంతమంది వచ్చారు?" అని అడిగారు.

"ముప్పై ఎనిమిది కుటుంబాలు సార్."

"ముప్పై ఎనిమిది. ఇప్పుడు ఈ దేశంలో అంత్యక్రియలకు పదిమందినే రానిస్తున్నారు, తెలుసా?" అని ఆ రోజంతా హుషారుగా ఉన్నారు. ఆ పాటలేవో నన్ను పాడి వినిపించమన్నారు కూడా.

సాక్ష్యం సంగతికి వస్తాను. పాపాలు దొరక్క నేను దొరికినంతలో సర్దుకుంటున్నాను. కుర్రతనంలో గుర్రమెక్కి పోలో ఆడేవాడిని అన్నారు. 'నేను గుర్రములను నమ్ముకొని యౌవనమును వ్యర్థపరచితిని' అని రాశాను. రోజూ సాయంత్రం ఆరింటికి ఒక్క గిన్ తాగేవాడిని అన్నారు. 'దినదినము ఆరు గంటల వేళ సీసా యెదుట సాగిలపడితిని' అని రాశాను. వాక్యం నిలబడాలి గదా.

అయితే అక్కా, నిన్న ఒకటి జరిగింది. ఆదరణ కూడిక సంగతి విన్నప్పటినుంచీ ఆయన ఏదో ఆలోచిస్తున్నారు. నేను గడ్డం గీస్తుంటే నా మణికట్టు పట్టుకున్నారు. "వాళ్ళంతా నా గురించి మంచే చెప్పి ఉంటారు కదా?" అన్నారు. అవునన్నాను. "అయితే రాసుకో. నీకు కావలసిన పాపం ఒకటుంది" అని కొరియాలో ఒక కొండ సంగతి చెప్పారు. అరవై తొమ్మిదేళ్ళుగా ఎవరికీ చెప్పలేదట. చెప్తున్నంతసేపూ గడ్డం మీద సబ్బు ఎండిపోతున్నా తుడవనివ్వలేదు.

ఆ కొండమీద ముప్పై ఒక్క మంది ప్రాణాలు ఆయన ఒక్కరి చేతిలో ఉన్నాయి. ఇంతకంటే నీకు కూడా రాయను. ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాను. నోట్‌బుక్‌లో మాత్రం రాశాను. పుస్తకంలో వెయ్యాలో వద్దో ఆయనే తేల్చుకుంటానన్నారు.

వినయంతో,
ఆమోసు

తా.క. నిన్ను మూడు విషయాలు అడగమన్నారు. తన గురించి ఏ పాట పాడారు, ఎంతసేపు పాడారు, టీ ఎవరు పెట్టారు.


ఎన్నిస్
ఏప్రిల్ 29, 2020

ఆమోసూ, ఈసారి నీ ఉత్తరం చివరిదాకా చదివాను. చదవకుండా ఉంటే బాగుండేది.

ముప్పై ఒక్క మందా? ఒక్కడి చేతిలోనా? ఒరేయ్, నువ్వు రోజూ అతని గడ్డం కింద కత్తి పట్టుకుని తిరుగుతున్నావు, అతను నీ మణికట్టు పట్టుకుంటున్నాడు. నాకు రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. పోలీసులకు, అదే ఇక్కడి గార్డాలకు, ఫోన్ చేద్దామని మీ బావతో అన్నాను. "ఏమని చేస్తావు? కొరియాలో, అరవై తొమ్మిదేళ్ళ కిందట, మా తమ్ముడికి సబ్బు పూయించుకుంటూ చెప్పాడు అంటావా?" అన్నాడు. నిజమే అనిపించి ఊరుకున్నాను.

నువ్వు ఎవరికీ చెప్పనని మాట ఇచ్చావు గనక నేనూ ఎవరికీ చెప్పలేదు. ప్రార్థన మనవి మాత్రం పెట్టాను. పేరు పెట్టలేదు. 'నేస్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో పదకొండో గదిలో ఉన్న ఒక బ్రిటిష్ సైన్యాధిపతి ముప్పై ఒక్క మంది ప్రాణాల విషయమై మనస్సాక్షి బాధతో ఉన్నారు, పేరు చెప్పకూడదు, ప్రార్థించండి' అని స్త్రీల గ్రూపులో పెట్టానంతే. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. శుక్రవారం ఉపవాసం కూడా ఉంటున్నాం.

నువ్వు ఆ గదిలోకి వెళ్ళినప్పుడు తలుపు తీసిపెట్టుకో. గడ్డం గీసే పని ఇంకెవరికైనా అప్పగించు.

దిగులుతో,
నీ అక్క

తా.క. మొదట ఆదరణ కూడిక చేసి, ఇప్పుడు అదే మనిషికి పశ్చాత్తాపం కోసం ఉపవాసమేమిటని సరోజమ్మ గారు అడిగింది. వరస తప్పిందని ఒప్పుకున్నాను.


నేస్
మే 5, 2020

అక్కా,

వందనాలు రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా వందనాలు.

నాలుక నిప్పు అని యాకోబు గారు ఊరికే అనలేదు. నీ ప్రార్థన మనవి స్త్రీల గ్రూపులోంచి బ్లాంచర్డ్స్‌టౌన్ వెళ్ళింది. అక్కడినుంచి మా హోమ్‌లోనే నర్సుగా చేసే జెస్సికా వాళ్ళమ్మ దగ్గరికి వచ్చింది. దారిలో ముప్పై ఒకటి కాస్తా మూడువందల పదయింది. చివరికి 'సొంత సైనికులనే' అని కూడా ఎవరో చేర్చారు. జెస్సికా భయపడి మా నర్సింగ్ డైరెక్టర్ మిసెస్ హెగార్టీకి చెప్పింది. ఆ పిల్ల తప్పు లేదు. ఇక్కడ ముసలివాళ్ళకు సంబంధించి ఏది విన్నా పైకి చెప్పి తీరాలని చట్టం.

మిసెస్ హెగార్టీ నన్ను పిలిచి, "మీరు ఆ గదిలో రోజూ గంటసేపు ఏదో రాస్తున్నారట, నిజమేనా?" అంది. నిజమేనన్నాను. నోట్‌బుక్ తీసుకుంది. అంతా తెలుగు. జెస్సికాకు తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. ఫోన్‌లో ఏదో ఉంటుందిట, పేజీని ఫోటో తీస్తే ఇంగ్లీషు చేసి చదువుతుంది. అది చదివింది. నా ఎదురుగానే చదివింది. నేను యౌవనాన్ని గుర్రాలకు తినిపించానని చదివింది. సీసా ముందు ప్రతి సాయంత్రం ఆరుగురు పడుకున్నారని చదివింది. 'పాపులలో ప్రధానుడను' అని నేను రాసినదాన్ని మాత్రం తప్పులేకుండా చదివింది.

ఆ కొండ పేజీని నేను తడిచేత్తో రాశాను. సిరా పారింది. ఫోనుకు అందలేదు. 'ముప్పై ఒకటి' అనే మాట ఒక్కటి అందింది.

కొండమీద ఏం జరిగిందని అడిగింది. చెప్పనన్నాను.

"మిస్టర్ ఏమస్, ఒక ముసలాయన దగ్గర కూర్చుని, ఎవరికీ అర్థంకాని భాషలో, ఆయన నోటితో నేరాలు ఒప్పుకున్నట్టు రాస్తే నేనేమనుకోవాలి?" అంది. ఆమె అడిగింది న్యాయమే. వచ్చే వారం గురువారం పదకొండు గంటలకు విచారణ. మేనకోడలూ, పుస్తకం వేస్తున్న రిటైర్డ్ కల్నల్ గారూ తెరమీద ఉంటారు.

అక్కా, సంగతి ఇదీ. ఆ కొండ సంగతి చెప్తే జనరల్ గారి పేరు ఆయన బతికుండగానే పోతుంది. చెప్పకపోతే నా ఉద్యోగం పోతుంది. ఈ దేశంలో నా కాగితాలన్నీ ఈ ఉద్యోగం మీదే నిలబడి ఉన్నాయి. ఉద్యోగం పోతే యాభై ఏళ్ళ వయసులో పెట్టె సర్దుకోవాలి. విమానాలు కూడా లేవు.

నేను చెప్పను. మాట ఇచ్చాను. దానియేలును సింహాల బోనులోకి దించారు. నన్ను ముసలివాళ్ళు కూర్చునే డే రూములోకి దింపుతారు.

ఆమోసు

తా.క. విచారణ అయ్యేదాకా నన్ను పదకొండో గదిలోకి పోవద్దన్నారు. గడ్డం ఇంకెవరిచేతా గీయించుకోనని ఆయన పట్టుబట్టారట. ఐదురోజుల గడ్డంతో ఇప్పుడు మోషేలా ఉన్నారని వంటావిడ చెప్పింది.


ఎన్నిస్
మే 8, 2020

తమ్ముడూ,

తపాలావాళ్ళు ఇంటింటికీ ఊరికే పంచిన కార్డు మీద రాస్తున్నాను. చోటు లేదు కాబట్టి నా తప్పంతా రాయలేను. అంతా నాదే.

కారెక్కి వచ్చేద్దామనుకున్నాను. ఈ లాక్‌డౌన్‌లో ఇంటినుంచి ఐదు కిలోమీటర్లు దాటితే గార్డాలు ఆపి ఎక్కడికని అడుగుతారు. నా నోటితో నేను చేసిన పని చెప్పుకోలేక ఆగిపోయాను. గ్రూపులో మాత్రం లేని మాట ఆయన మీద వేశామని క్షమాపణ పెట్టాను. దానికీ అందరూ చేతులు జోడించిన బొమ్మలే పెట్టారు.

కొండ సంగతి నువ్వు చెప్పొద్దు. కానీ గుర్రాలూ సీసాలూ నువ్వు కలిపినవే గదా. అవైనా ఒప్పుకో. నాకు నువ్వు తెలుసురా. నిన్ను పప్పు తెమ్మంటే పొలం సంగతి దగ్గరనుంచి మొదలు పెడతావు.

అక్క

తా.క. నీ ఉత్తరం విన్నప్పటినుంచీ మీ బావ ఉపవాసమే. నేను చేయించడం లేదు, తనంతట తనే. నాకు భయంగా ఉంది.


నేస్
మే 15, 2020

నా తోబుట్టువైన పుష్పవతికి, బావగారికి, ఆమోసు హృదయపూర్వక వందనాలు. ముందు కూర్చోండి.

నా ఉద్యోగం ఉంది. ఇప్పుడు మిగతాది చదవండి.

నిన్న పదకొండు గంటలకు డే రూములో అందరం దూరం దూరంగా కూర్చున్నాం. జనరల్ గారు చక్రాల కుర్చీలో, కోటుకు పతకాలు పెట్టుకుని, గడ్డంతో వచ్చారు. మిసెస్ హెగార్టీ నా నోట్‌బుక్ ఒళ్ళో పెట్టుకుంది. నేను ఇంగ్లీషులో చెప్పేది సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి పక్కన జెస్సికా.

"ఈయన తన మనుషుల్ని చంపానని మీతో చెప్పారా?" అని అడిగింది.

"లేదమ్మా."

"మరి ఆ కొండమీద ఏం జరిగింది?"

"చెప్పలేనమ్మా."

అలా మూడుసార్లు అడిగింది. కోడి కూయకముందే పేతురు మూడుసార్లు ప్రభువును ఎరగనన్నాడు, నేను మూడుసార్లు చెప్పనన్నాను. ఇక్కడ కోడి లేదు గానీ, వంటింట్లో ఓవెన్ గంట మోగింది. "అయితే నాకు వేరే దారి లేదు" అని ఆమె నోట్‌బుక్ మూసింది.

"ఒక్క నిమిషం" అన్నారు జనరల్ గారు. "అది నా జీవితం. నేనింకా వినలేదు. చదువు, ఏమస్."

చదివాను. ఒక్కో వాక్యం తెలుగులో చదివి ఇంగ్లీషులో చెప్పాను. గుర్రాల దగ్గర ఆయన భుజాలు కదిలాయి. సీసా ముందు సాగిలపడిన చోట ఆయన నవ్వు మొదలుపెట్టి, దగ్గొచ్చి, నీళ్ళు తాగి, మళ్ళీ నవ్వారు. "నా జీవితం ఇదివరకు నాలుగుసార్లు అచ్చయింది. నాలుగుసార్లూ నాకే నిద్రొచ్చింది" అన్నారు. ఆ తరవాత కొండ పేజీ వచ్చింది. నేను ఆగాను.

"చదువు."

"వద్దు సార్."

"ఇది ఆర్డర్."

"నేను మీ సైన్యంలో లేను సార్. నేను మాట ఇచ్చాను."

ఆయన తెర వైపు తిరిగి తనే చెప్పారు. ఇక దాచనక్కర లేదు కాబట్టి నీకూ రాస్తున్నాను. 1951లో చలికాలం. ముప్పై ఒక్క మందిని తీసుకుని తూర్పు లోయలోంచి వెనక్కి రమ్మని ఆర్డరు. పటం ఈయన చేతిలో ఉంది. ఇరవై ఏళ్ళవాడు. పొగమంచు. ఈయన దారి తప్పి పడమటి లోయలో దిగాడు. శత్రువు తూర్పు లోయలో కాపు కాసి ఉన్నాడు. వీళ్ళు తెలియకుండానే కొండ చుట్టూ తిరిగి సరాసరి శత్రువు వెనకాల తేలారు. వాళ్ళు బెదిరి పారిపోయారు. పైవాళ్ళు దాన్ని అద్భుతమైన చుట్టుముట్టు అన్నారు. పతకం ఇచ్చారు. ఆ పతకం మీద మేజరయ్యాడు, కల్నలయ్యాడు, జనరలయ్యాడు. ముప్పై ఒక్క మందీ ఇంటికొచ్చారు. ఒక్కడూ చావలేదు. దారి తప్పినవాడిని కాబట్టే బతికాం, ఆ మాట చెప్పే ధైర్యం మాత్రం నాకు రాలేదు అన్నారు. వెనకాలే నడిచిన సార్జెంటుకు తెలుసట. 'పటం బాగా చూశారు సార్' అని ఒక్క మాట అని, చచ్చిపోయేదాకా మళ్ళీ నోరెత్తలేదట.

తెరమీద ఎవరూ కదల్లేదు. ఇంటర్నెట్ ఆగిపోయిందనుకున్నాం. ఇంటర్నెట్ ఆగలేదు, కల్నల్ గారు ఆగిపోయారు. కాసేపటికి ఆయన, "సార్, ముప్పై ఒక్క మంది ఇంటికొచ్చారన్న వాక్యం అలాగే ఉంచుతాను. చుట్టుముట్టు తీసేసి దారి తప్పారని వేస్తాను. అభ్యంతరమా?" అన్నారు. జనరల్ గారు లేదన్నట్టు చెయ్యి ఊపారు. ఆ చెయ్యి అప్పుడు వణకలేదు. మేనకోడలు కళ్ళు తుడుచుకుంటూ, "అందుకేనా అంకుల్, నన్ను కారెక్కించుకున్నప్పుడల్లా ప్రతి మలుపులో ఆపి దారి అడిగేవారు?" అంది.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. మిసెస్ హెగార్టీ నా వైపు తిరిగింది. "సీసా ముందు సాగిలపడ్డానని ఆయన చెప్పారా?" నీ కార్డు జేబులో ఉంది. "లేదమ్మా. ఆరింటికి ఒక గిన్ అన్నారు. మిగతాది నేను కలిపాను" అన్నాను. ఎందుకంది. "మా వాళ్ళలో గోతిలో పడని మనిషి మాట ఎవరూ వినరమ్మా."

"మరి నువ్వు ఏ గోతిలో పడ్డావు?" అన్నారు జనరల్ గారు.

అక్కా, ఇరవై రెండేళ్ళుగా ఆ బస్టాండు కథ అరిచి చెప్పినవాడిని. ఆయన తన పతకాన్ని నా ముందే కిందపెట్టాక నేనెలా చెప్పను? ఏ గోతిలోనూ పడలేదు సార్ అన్నాను. నేను తాగుబోతును కాను. రేపల్లె బస్టాండులో పడిపోయింది నేను కాదు. పేకాటలో ఇంటి బంగారం పోగొట్టింది నేను కాదు. ఇంట్లోంచి నాలుగు గాజులు పట్టుకుపోయి అమ్మింది నేను కాదు. వెల్డింగు షాపులో పనిచేసి తొమ్మిదింటికి పడుకునే మనిషిని. ఒట్టి మాటలకు ఎవరూ మేలుకోవడం లేదని, ఒకరి కథ విని, దాన్ని నాదిగా చెప్పుకున్నాను. ఎవరిదో రాయను.

ఆయన నా వైపు వంగి, "నేను చెయ్యని పరాక్రమానికి పతకం పుచ్చుకున్నాను. నువ్వు చెయ్యని పాపానికి చప్పట్లు పుచ్చుకున్నావు. గడ్డం ఎప్పుడు గీస్తావు?" అన్నారు.

మిసెస్ హెగార్టీ ఇకమీదట ఎవరు చెప్పింది చెప్పినట్టే రాయాలని, తెలుగులో కాదు ఇంగ్లీషులో రాయాలని కాగితం మీద సంతకం చేయించుకుని, "గ్రాండ్", అంటే ఇక్కడివాళ్ళ మాటలో సరే, అని నోట్‌బుక్ ఇచ్చేసింది.

ఇప్పుడు నాకు మిగిలింది ఇరవై నాలుగో తేదీ ఆదివారం. జూమ్‌లో సంఘం ముందు ఒప్పుకోవాలి. సింహాల బోనుకు భయపడలేదు గానీ, ఆ ముప్పై ఎనిమిది కుటుంబాలకు భయపడుతున్నాను. ముందు నువ్వు క్షమించు.

ఆమోసు

తా.క. డే రూము తలుపు సరిగ్గా మూసుకోలేదు. ఆరో గదిలోని తొంభై ఏళ్ళ మిసెస్ డువాన్ అంతా విని, తన జీవితం కూడా రాయమంది. ఒక నోట్‌బుక్ చాలదు, నాలుగు తెచ్చుకో అంది.


ఎన్నిస్
మే 20, 2020

నా ముద్దుల తమ్ముడు ఆమోసుకు, మొట్టికాయ వేసే దూరంలో లేనందుకు విచారిస్తూ, అక్క దీవెనలు.

ఉద్యోగం ఉందన్న మాట చదివి వంటింట్లో కింద కూర్చుండిపోయాను. పాలు పొంగిపోయాయి. పొంగనీ అనుకున్నాను.

ఇక నీ ఒప్పుకోలు. ఒరేయ్, నువ్వు తాగావంటే నేను నమ్మానా? పద్నాలుగో ఏట గోలీ సోడా తాగి రెండు రోజులు ఎక్కిళ్ళు పెట్టుకున్నావు. నువ్వు మొదటిసారి సంఘంలో లేచి రేపల్లె బస్టాండు అన్నప్పుడే నాకు తెలిసింది. నీకే కాదు, నాకూ తెలుసు ఆ కథ ఎవరిదో. ఆ గాజులు నావి.

నువ్వు ఆ మాట అన్నప్పుడు మీ బావ ముందు వరసలో ఉన్నాడు. లేచి నీ గొంతు పట్టుకుంటాడనుకున్నాను. కదల్లేదు. ఇంటికొచ్చాక నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. "పుష్పా, వాణ్ణి ఆపొద్దు. నా పాపం అందరి ముందూ చెప్పడానికి నాకు నోరు రాలేదు. వాడు చెప్పేశాడు. వాడు చెప్పినప్పుడల్లా నా మీంచి ఒక మూట దిగుతోంది" అన్నాడు. ఇరవై రెండేళ్ళు ముందు వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నది నీ ప్రసంగం గొప్పదనానికనుకున్నావా? ఈ పది రోజులుగా ఆ ఉపవాసం ఎందుకో నీ ఉత్తరం వచ్చాకగానీ నాకు తెలియలేదు. నీమీద విచారణ అనగానే, నీ సాక్ష్యాన్ని కూడా తవ్వుతారని, అందులోంచి తను బయటపడతాడని భయపడ్డాట్ట.

నీ ఉత్తరం నేనే చదివి వినిపించాను. జనరల్ గారి మాట దగ్గర మళ్ళీ చదవమన్నాడు. తరవాత లేచి స్నానం చేసి, పలావు వండమన్నాడు. ఆదివారం తను మాట్లాడతానన్నాడు. నువ్వు ఒప్పుకోవడం ఐదు నిమిషాలు, తను చెప్పడం ముప్పై నిమిషాలు. అతని పాపాలు అతనికి ఇచ్చెయ్యి. జనరల్ గారిని కూడా పిలువు, మిసెస్ హెగార్టీ ఒప్పుకుంటే. మీ బావ లేచాక ముందు వరసలో ఖాళీ ఉంటుంది.

పొద్దుటినుంచీ అద్దం ముందు నిలబడి చెప్పుకుంటున్నాడు. రావడం లేదు పాపం. "బస్టాండు దగ్గర మీ తమ్ముడు మాట భలే ఆపేవాడు. అక్కడ ఎంతసేపు ఆపేవాడో రాసి అడుగు" అంటున్నాడు. రాసి పంపు.

ప్రేమతో,
పుష్పవతి

తా.క. ఇది నీ ఒక్కడికే. నువ్వు ఎప్పుడూ నాలుగు గాజులంటావు, మీ బావ కూడా నాలుగనే నమ్మి ఏడుస్తాడు. తాగిన మత్తులో ఆయన పట్టుకుపోయింది రెండే. మిగతా రెండూ నేనే బియ్యం డబ్బాలో దాచి, 'అవి కూడా నువ్వే అమ్మేశావు' అని ఆయనతో అన్నాను. ఐర్లండ్ వచ్చాక తీసి వేసుకున్నాను. కొత్తవి చేయించుకున్నాననుకుంటున్నాడు. ఆదివారం ఆయన తరవాత నాకు ఒక ఐదు నిమిషాలు ఉంచు.